కొసరుగా వచ్చిన కడ్డీ

యుద్ధనౌకలు కట్టే పనిలో ఇరవై ఆరేళ్లు ఉన్నానంటే మా హిందూపురంలో నవ్వుతారు. "ఈడ తాగేదానికే నీళ్లు ట్యాంకర్లో వస్తాయి, నువ్వు ఓడ యాడ తేలిస్తివప్పా?" అని మా బావమరిది ప్రతి పెళ్లిలోనూ పదిమంది ముందు అడుగుతాడు. నేను తేల్చలేదు. ఓడ మునగకుండా చూసే ఒక చిన్న వస్తువుకు కావలసిన లోహం కొనిపెట్టేవాణ్ణి, అంతే. ఆ కొనడంలోనే ఒకసారి మనుషుల్ని ముంచేంత తప్పు చేశాను.

మా వర్క్‌షాపులో కొత్తగా చేరిన పిల్లలు అనుభవాలు రాయమని అడిగారు. ప్రమోషన్ల గురించి రాద్దామంటే నాకు ఒక్కటీ రాలేదు. పర్చేజు మేనేజరుగా చేరాను, పర్చేజు మేనేజరుగానే దిగాను. కాబట్టి ఆ తప్పు సంగతే రాస్తాను. మెప్పులు మీరే సంపాదించుకోగలరు. తప్పు మాత్రం ఇంకొకరిది చూసి నేర్చుకుంటే చవక.

చింతపండు అంగడి నుంచి

మా నాయనది హిందూపురం బజారులో చింతపండు, బెల్లం అంగడి. నడక వచ్చేసరికే నాకు బేరం కూడా వచ్చేసిందని మా అవ్వ అనేది. అంగట్లో పుట్టినవాడికి రెండు సంగతులు ఎవరూ చెప్పకుండానే వస్తాయి. చెప్పిన ధరకు కొనేవాడు తెలివితక్కువవాడు. కొన్న తరువాత కొసరు అడగనివాడు అంతకన్నా తెలివితక్కువవాడు. తూకం అయిపోయాక, తక్కెడ దించాక, ఊరికే పైన వేసే పిడికెడే కొసరు. ఎవరైనా కొసరు అడగకుండా పోతే మా నాయన దిగులుపడేవాడు. "వీడు మళ్లా రాడురా" అనేవాడు.

రామచంద్రారెడ్డి నాకు ఆ అంగట్లోనే దొరికాడు. రొళ్ల అనే ఊరి దగ్గర వాళ్లకు తాతల నాటి సేద్యం. వేరుశనగ మీద విసుగెత్తి కొంత భూమి అమ్మి, పెనుకొండ రోడ్డులో నాలుగు లేతు మిషన్లతో షెడ్డు వేశాడు. ఇంట్లో పెళ్లికి చింతపండు కొనడానికి వచ్చి నాతో అరగంట బేరమాడాడు. చివరికి చింతపండుతో పాటు తనకు అక్కరలేని బెల్లం కూడా ఎత్తుకుని వెళ్లాడు. మరుసటి రోజు మళ్లీ వచ్చి, "ఏమప్పా శెట్టీ, చింతపండు మానేసి నాకు ఇనుము కొనిపెడతావా?" అన్నాడు. నా చదువు సంగతి అడగలేదు. అడిగుంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

తలుపు, దాని బందు

మొదట్లో బోరు పంపులకు సామాన్లు చేసేవాళ్లం. తరువాత తూర్పు కోస్తాలోని ఒక నౌకా నిర్మాణశాల నుంచి యుద్ధనౌకల వాల్వులకు ఆర్డరు వచ్చింది. ఆ వాల్వు ఏమిటో చెబితేగాని తరువాతి కథ అర్థం కాదు.

ఓడ అడుగున చేరే నీళ్లను పంపు బయటికి తోస్తుంది. ఆ గొట్టం నేరుగా సముద్రంలోకి తెరుచుకుంటుంది. పంపు ఆడుతున్నంతసేపు నీళ్లు బయటికి పోతాయి. పంపు ఆగితే అదే గొట్టంలో సముద్రం లోపలికి రావచ్చు. రాకుండా గొట్టం మధ్యలో ఒక వాల్వు, వాల్వు లోపల గుండ్రటి పళ్లెంలాంటి తలుపు. నీళ్లు బయటికి పోతుంటే తెరుచుకుంటుంది, వెనక్కి తిరిగితే టప్పున మూసుకుంటుంది. ఇంటి తలుపు బందు మీద తిరిగినట్టు ఆ పళ్లెం ఒక కడ్డీ మీద ఊగుతుంది. బొటనవేలంత లావు, జానెడు పొడవు. దాన్ని పిన్ను అంటాం. అది విరిగిందా, తలుపు ఊడి పడుతుంది. ఇక సముద్రానికి అడ్డం లేదు.

అందుకే ఆ పిన్నును ఉప్పునీటికి లొంగని ఒక రకం కంచుతోనే చేయాలి. ఒకసారి కరిగించిన లోహమంతా ఒక కరుగు. ఏ కడ్డీ ఏ కరుగులో పోసిందో చెప్పే నంబరు దాని కొనమీద కొట్టి ఉంటుంది. ఆ కరుగుకు పరీక్ష కాగితం ఉంటుంది. కడ్డీని ఎన్ని ముక్కలు చేసినా ప్రతి ముక్క మీదా ఆ నంబరు మళ్లీ కొట్టాలి. మనిషికి ఇంటిపేరు ఎలాగో లోహానికి ఆ నంబరు అలాగ.

ఈ ఆర్డర్లతోనే మా షెడ్డు ముప్పై నాలుగు మందికి కూడు పెట్టింది. ధర్మవరం నుంచి నాగరాజు వచ్చాడు. పట్టుచీరలు నేసే ఇంట్లో పుట్టి, మగ్గం వదిలి లేతు పట్టినవాడు. తనకల్లు వైపు నుంచి లక్ష్మీదేవి వచ్చింది. వాల్వు తలుపు పళ్లేలను నున్నగా రుద్దే పని ఆమెది. వెలుతురుకు పట్టి చూస్తే వెంట్రుక సందు కూడా కనిపించకూడదు. ఆమె రుద్దిన పళ్లెం కింద నీటి చుక్క కూడా దూరేది కాదు. ఆ జీతంతోనే కూతురిని హిందూపురంలో నర్సు చదువు చదివించేది.

యుద్ధనౌక అంటే రేవులో నిలబడిన ఒక్క ఇనుప కొండ కాదు. సముద్రం చూడని ఊళ్లలో, సముద్రం చూడని మనుషులు చేసిన వేల ముక్కలు అక్కడికి చేరితే అది ఓడ అవుతుంది. ఉద్యోగాల కోసమే ఓడలు కట్టాలన్నట్టు సభల్లో మాట్లాడేవాళ్లను విన్నాను. నాకు ఆ లెక్క తలకిందులుగా కనిపిస్తుంది. దేశానికి కాపలా కావాలి కాబట్టి ఓడ, ఓడ కావాలి కాబట్టి మాకు పని. కాపలాకు పనికిరాని ఓడను మనం కట్టి పంపితే, అది ఎంతమందికి కూడు పెట్టినా దేశం మీద బరువే.

ఇది నాకు మొదటినుంచీ తెలుసని అనుకోకండి.

కొలతకు బేరం లేదు

నిర్మాణశాల తరఫున మా సరుకు పరీక్షించడానికి శాంతకుమారి అనే ఇంజనీరు వచ్చేది. ఉత్తరాంధ్ర మనిషి. మొదటిసారి వచ్చినప్పుడు మూడు పిన్నులు పక్కన పెట్టింది. కొలతలో వెంట్రుకలో పదో వంతు తేడా. నాకు అలవాటైన ఆయుధం తీశాను.

"మేడమ్, మూడూ వద్దంటే ఎట్లా? రెండు తీసేయండి, ఒకటి తీసుకోండి."

ఆమె కళ్లజోడు తీసి నన్ను ఎగాదిగా చూసింది. "ఏటండీ శెట్టిగారూ, కొలతకి బేరమేటండీ? ఇది చింతపండనుకుంటన్నారా?"

నాది చింతపండు అంగడని ఆమెకు ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు. మూడు పిన్నులనూ రంపంతో రెండుగా కోయించి, ఆ ముక్కలు చెత్తబుట్టలో పడేదాకా నిలబడి చూసి వెళ్లింది. ఆరోజు నేను నేర్చుకున్నది ఒకటే, ఈమెతో బేరం కుదరదని. అసలు ఈ పనిలోనే బేరానికి ఒక గీత ఉందని నేర్చుకోలేదు. ఆమెతో కుదరనిది వ్యాపారులతో కుదురుతుంది కదా అనుకున్నాను.

ఆ కడ్డీ

నలభై వాల్వుల ఆర్డరు వచ్చింది. కడ్డీలు కొనడానికి బెంగుళూరు వెళ్లాను. వేలెడు ముక్క కూడా మిగలకుండా లెక్క కట్టి కొనడం నా గొప్ప. అన్నీ ఒకే కరుగువి, ఒకే నంబరువి, కాగితాలతో సహా తీసుకున్నాను. ధర తెగింది. కట్ట కట్టారు. అప్పుడు అంగట్లో పుట్టిన నోరు ఊరుకోదు కదా, "కొసరు ఏది?" అన్నాను.

వ్యాపారి పకపకా నవ్వాడు. "ఏన్ శెట్రే, కంచిగూ కొసరా?" అన్నాడు కన్నడంలో, కంచుకు కూడా కొసరా అని. మూలన ఒంటరిగా పడి ఉన్న కడ్డీ ఒకటి తీసి కట్ట మీద వేశాడు. లావు అదే, రంగు అదే. నంబరు లేదు. అతను నాకు అబద్ధం చెప్పలేదు. అది ఏ లోహమని నేను అడగలేదు, అతను చెప్పలేదు. కొసరును ఎవరూ పరీక్ష చేయరు. తిరుగు ప్రయాణంలో హిందూపురం దాకా నాకు మీసం మెలేసినంత సంతోషం.

పిన్నులు కోస్తుంటే అసలు కడ్డీల్లో ఒకదానికి లోపల బీట కనిపించింది. దాన్ని పారేయాల్సి వచ్చింది. నాలుగు పిన్నులు తక్కువ పడ్డాయి. కొత్త కడ్డీ తెప్పించాలంటే వారాలు పడుతుంది. సరుకు పంపాల్సిన రోజు నెత్తిమీద ఉంది. నేను మూలనున్న కొసరు కడ్డీ తెచ్చి నాగరాజు ముందు పెట్టాను.

"సార్, దీని మీద నంబరు లేదు" అన్నాడు.

"అంగడి అదే, రంగు అదే. నంబరు కొట్టేది మనమే కదప్పా. కొట్టు."

కొట్టాడు. మధ్యాహ్నం మళ్లీ నా దగ్గరికి వచ్చాడు. "మెత్తగా తెగుతాండాది సార్. ఎప్పుడూ టూలు రెండుసార్లు సాన పట్టాల్సొస్తాది. ఈ పొద్దు ఒక్కసారీ పట్టలే."

"అయితే దేవుడు నీకు కూడా కొసరు ఇచ్చినాడనుకో" అన్నాను.

చుట్టుపక్కల మిషన్ల వాళ్లు నవ్వారు. నాగరాజు కూడా నవ్వి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే ఎదురు చెప్పేవాడేమో. నవ్వించి నోరు మూశాను. పైనున్నవాడి జోకుకు కిందున్నవాడు నవ్వక తప్పదని, ఆ నవ్వుతో అతని మాట చచ్చిపోతుందని నాకు అప్పుడు తెలియదు. మీ కింద పనిచేసేవాడు "ఏదో తేడాగా ఉంది" అంటే దయచేసి జోకు వేయకండి.

నలభై వాల్వులూ నీటి ఒత్తిడి పరీక్షలో నెగ్గాయి. కాగితాలు, కొలతలు చూసి శాంతకుమారి సంతకం చేసింది. లారీ ఎక్కాయి.

ధర్మవరంలో

వాల్వులు బిగించేటప్పుడు మా మనిషి ఒకరు ఉండాలని నిర్మాణశాల అడిగితే నాగరాజును పంపాము. వారం తరువాత తిరిగి వచ్చాడని తెలిసింది. పనికి మాత్రం రాలేదు. నాలుగు రోజులు చూశాను. ఫోను ఎత్తడు. సముద్రం చూసి తలపొగరు ఎక్కిందనుకుని, కోపంగా ధర్మవరం రైలెక్కాను.

ఇంట్లో వాళ్ల నాయన మగ్గం గుంతలో కూర్చుని ఉన్నాడు. నాగరాజు పక్కన జరీ కండెలు చుడుతున్నాడు. నన్ను చూసి లేచాడు. లోపలికి వెళ్లి ఒక కాగితం పొట్లం తెచ్చి నా ముందు విప్పాడు. అందులో రెండు రకాల లోహపు తురుము ఉంది. ఒకటి స్ప్రింగుల్లా చుట్టలు తిరిగి ఉంది. ఇంకొకటి విరిగిన సూదుల్లా పొట్టి పొట్టిగా ఉంది.

"ఈ చుట్టలు మన కడ్డీవి సార్. ఈ సూదులు ఆ నాలుగు పిన్నులవి."

"ఆ రోజే దాచావా?"

"దాచినా."

"ఎందుకు?"

"ఏమో సార్. పారేయబుద్ధి కాలే."

"మరి ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదు?"

"చెప్పినా కదా సార్, మెత్తగా ఉండాదని."

అతను కింద కూర్చున్నాడు. "ఓడలోకి తీసకపోయినారు సార్. ఇంకా కడతాండారు, ఎవరూ లేరు లోపల. ఒకచోట గోడ మీద చాక్‌పీసుతో నంబర్లు ఏసుండారు. ఇవేంటివి అంటే, మంచాలు వస్తాయి, నేవీ పిల్లోళ్లు పండుకుంటారు అన్నారు. ఆ నంబర్లకు సరిగ్గా కింద మన వాల్వు బిగిస్తాండారు. అది మంచిదో, ఆ నాలుగింట్లో ఒకటో నాకు తెలీదు. నాకే తెలీకపోతే ఇంగెవరికి తెలుస్తాది?"

"అది కూడా కంచే అయ్యుంటుందిలే, ఇంకో రకం" అన్నాను. నా గొంతే నాకు అంగట్లో పుచ్చిన చింతపండు అంటగట్టేవాడి గొంతులా వినిపించింది.

మగ్గంలోంచి వాళ్ల నాయన తల ఎత్తకుండానే అన్నాడు. "శెట్టీ, జరీలో కల్తీ ఉంటే కొనేవాళ్లకు తెలీదు, అమ్మేవాళ్లకు తెలీదు. నేసేవాని వేళ్లకు తెలుస్తాది. తెలిసినాక వాడు ఊరుకుంటే ఇంగ చెప్పేవాడు ఉండడు."

మరుసటి రోజే మిగిలిన కడ్డీ ముక్కను బెంగుళూరులో పరీక్షకు ఇచ్చాము. అది మా కంచు కాదు, జింకు కలిసిన ఇత్తడి. పరీక్ష చేసిన ఆయన నాకు పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు. ఉప్పునీటిలో ఉంటే జింకు కొంచెం కొంచెంగా కరిగిపోతుంది, పైకి కడ్డీ కడ్డీలాగే ఉంటుంది, లోపల గుల్ల అవుతుంది. "ఎప్పుడు విరుగుతుందో చెప్పలేను, విరుగుతుందని మాత్రం చెప్పగలను" అన్నాడు.

పెనుకొండలో ఉగ్గాని

రెడ్డి ఆ రోజు ఏదో భూమి పని మీద పెనుకొండలో ఉన్నాడు. ఫోనులో చెప్పే సంగతి కాదు. బస్సెక్కి వెళ్లాను. కొండ కింద హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. "రాప్పా, తిను" అన్నాడు. నేను మొదటినుంచి చివరిదాకా చెప్పాను. చెప్పేది అయిపోయేసరికి అతని ప్లేటులో ఉగ్గాని చల్లారిపోయింది.

అక్కడ కూడా నేను బేరమే మొదలుపెట్టాను. సిగ్గు లేకుండా రాస్తున్నాను. "అన్నా, నాలుగు కొత్త పిన్నులు చేసి పంపుదాం. ఇవి ఇంకా గట్టివి, పాతవి తీసి ఇవి వేసుకోండి అని రాద్దాం. ఎవరికీ అనుమానం రాదు."

"ఏ నాలుగు తీయమంటావు?"

నలభై పిన్నుల మీదా ఒకే నంబరు. ఆ నంబరు కొట్టించింది నేనే. చెడ్డవాటిని మంచివాటిలో నాకు నేనే పోల్చుకోలేనంత బాగా దాచాను. పిన్ను వాల్వు కడుపులో ఉంటుంది, బయటికి కనిపించదు. నలభై వాల్వులూ విప్పితే తప్ప తెలియదు.

రెడ్డి కొండ వైపు తిరిగాడు. "చెప్తే మనం పోతాం శెట్టీ. ముప్పై నాలుగిండ్లు. దాంట్లో సగం మంది వాన లేక సేద్యం వదిలేసి వచ్చినోళ్లు. నన్ను నమ్మి వచ్చినోళ్లు."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే ఎవరికీ తెలీదు. విరిగినా యాడో సముద్రం నడిమధ్య విరుగుతాది. హిందూపురం పేరు ఎవరు ఎత్తుతారు?" ఆ మాట తన నోట్లోంచే వచ్చినందుకు తానే ఉలిక్కిపడ్డట్టు నా వైపు తిరిగాడు. ప్లేటు పక్కకు తోశాడు. "నువ్వే చెయ్యప్పా ఫోను. ఈడనే, ఇప్పుడే చెయ్. నేను చేస్తే నడిమధ్యలో మాట మార్చేస్తా."

నేను చూసిన యజమానుల్లో నిజాయితీపరుడు ఎవరని ఎవరైనా అడిగితే, తన మీద తనకు నమ్మకం లేదని ఒప్పుకున్న ఈ మనిషిని చెబుతాను.

శాంతకుమారికి ఫోను చేశాను. ఆమె మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. అంతా విని, "ఏ నాలుగో తెలుసాండీ?" అంది.

"తెలియదమ్మా."

"నలభైకి నలభై ఆపేస్తన్నాను. మీరు రండి. ఆ నంబరు కొట్టినాయన్ని కూడా తీసుకురండి. ఒక్కటండీ, దయ చూపించమని మాత్రం అడక్కండి."

నలభై వాల్వులు

వెళ్లేసరికి కొన్ని వాల్వులు గోదాములో ఉన్నాయి, కొన్ని అప్పటికే ఓడలో బిగించేశారు. గోదాములోవి విప్పితే మూడు దొరికాయి. నాలుగోది ఓడలోనే ఉండాలి.

ఓడ ఇంకా నేల మీదే ఉంది. మా వాల్వులు విప్పేదాకా ఆ భాగంలో పని ఆపేశారు. వెల్డింగు వాళ్లు, రంగులు వేసేవాళ్లు, తీగలు లాగేవాళ్లు వరుసగా గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. ఒకాయన తలపాగా విప్పుకుంటూ నన్ను అడిగాడు, "హిందూపురం నుంచొచ్చిందీ మీరేనాండి?" అంతే అన్నాడు. దాంట్లో తిట్టు లేదు. ఉంటే బాగుండేదనిపించింది.

అడుగు అరలోకి దిగే దారి మనిషి పట్టేంత రంధ్రం. నా పొట్ట అంగట్లో కూర్చుని పెరిగింది. కింద ఒకరు లాగి, పైన ఒకరు తోస్తే దిగాను. లోపల రంగు వాసన. నాగరాజు టార్చి వేసి చూపించాడు. గోడ మీద చాక్‌పీసు నంబర్లు, ఒకదాని కింద ఒకటి మూడేసి వరుసలు. ఎవరో చేతిరాతతో వేసిన అంకెలు. ఏడు దగ్గర చేయి జారినట్టుంది, చెరిపి మళ్లీ వేశారు. ఎవరు పడుకుంటారో ఇంకా ఎవరికీ తెలియదు. బహుశా అప్పటికి ఏ బడిలోనో చదువుకుంటూ ఉంటారు.

ఒక్కో వాల్వు విప్పుతున్నారు. శాంతకుమారి లోహం ఏమిటో చెప్పే చిన్న యంత్రం పిన్నుకు ఆనించి, మంచిదైతే "ఊఁ" అంటోంది. మూడోరోజు మధ్యాహ్నం ఒకదాని దగ్గర ఆమె "ఊఁ" అనలేదు. పిన్ను బయటికి తీసి నా అరచేతిలో పెట్టింది. బంగారంలా మెరుస్తోంది. మా నంబరు ఎంత శుభ్రంగా కొట్టి ఉందో.

శత్రువు చేతిలో పోవడానికి సిద్ధపడి ఆ పిల్లలు ఓడెక్కుతారు. హిందూపురం పర్చేజు మేనేజరు చేతిలో పోవడానికి ఎవరూ సిద్ధపడరు. మనుషులు పోకపోయినా, ఆ ఓడ మరమ్మతుకు రేవులో పడి ఉంటే అన్నాళ్లూ అంత సముద్రానికి కాపలా లేనట్టే. దేశ భద్రత అనే పెద్ద మాటకు నాకు తెలిసిన అర్థం జానెడు పొడవుంటుంది.

విచారణలో "నంబరు ఎవరు కొట్టారు?" అని అడిగారు. "కొట్టమన్నది నేను" అన్నాను. నాగరాజు వెంటనే, "కొట్టింది నేను మేడమ్. నంబరు లేదని తెలిసే కొట్టినా" అన్నాడు. ఇద్దరి పేర్లూ రాసుకున్నారు. మా షెడ్డును జాబితా నుంచి తీసేశారు. రెండేళ్లపాటు ఆర్డరు లేదు. అది అన్యాయమని నేను ఒక్కరోజు కూడా అనుకోలేదు. తప్పు ఒప్పుకున్నందుకు ఎవరైనా మెచ్చుకుంటారని మీరూ ఎదురుచూడకండి. మనం తగలబెట్టిన ఇంటిని మనమే ఆర్పితే పూలదండ వేయరు.

రెండేళ్ల తరువాత శాంతకుమారే వచ్చి చూసి, చిన్న ఆర్డరుతో పరీక్షగా మొదలుపెట్టించింది. ముప్పై నాలుగు మందిలో పద్దెనిమిది మంది తిరిగి వచ్చారు. మిగతావాళ్లు బెంగుళూరులోనో మగ్గాల మీదనో స్థిరపడిపోయారు. నంబరు కొట్టే అచ్చులు ఇప్పుడు నాగరాజు పెట్టెలో ఉంటాయి. నేను రిటైరయ్యేదాకా వాటిని ముట్టుకోలేదు. నన్ను ముట్టుకోనిచ్చేవాడూ కాదు.

షెడ్డు మూసిన రోజు

ఈ భాగం రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. తప్పు ఒప్పుకోవడం కష్టమంటారు. అబద్ధం. ఫోనులో చెప్పడం కష్టమేమీ కాలేదు. విశాఖలోనో ఢిల్లీలోనో ఉన్నవాళ్ల ముందు తల వంచడం సులభం. రోజూ కలిసి టీ తాగే ముప్పై నాలుగు మందికి రేపటి నుంచి పని లేదని చెప్పడం వేరు.

జాబితా నుంచి మమ్మల్ని తీసేశాక, ఆ సంగతి రెడ్డి చెబుతానన్నాడు. వద్దన్నాను. మిషన్లు ఆపించి అందరినీ పిలిచి, జరిగింది దాచకుండా చెప్పాను. ఎవరూ అరవలేదు. ఒకరిద్దరు బయటికి వెళ్లి బీడీ ముట్టించారు. లక్ష్మీదేవి మాత్రం తన బల్ల దగ్గర్నుంచి కదలకుండా నన్ను పిలిచింది. కూతురికి నర్సు చదువు ఇంకో ఏడాది మిగిలి ఉంది. ఆ సంగతి నాకు తెలుసునని ఆమెకు తెలుసు.

"శెట్టన్నా, ఆ ఓడలో పండుకునే పిల్లోళ్లు నీకు తెలుసునా?"

"తెలీదమ్మా."

"ఒక్కని పేరన్నా?"

"వాళ్లింకా రానే లేదు. ఎవరొస్తారో ఎవరికీ తెలీదు."

"మేం తెలుసు కదా నీకు. నా బిడ్డ పేరు కూడా తెలుసు."

"తెలుసు."

తిడుతుందనుకున్నాను. "వాళ్ల పేర్లు తెలిసుంటే ఆ పొద్దు నువ్వు ఆ కడ్డీని కోయించుండవు" అంది. "తెలీనోళ్లే కదా అనుకుంటివి. ఇప్పుడు తెలిసినోళ్ల మీద పడె."

ఎంత బేరమాడేవాడికైనా అడిగిన ధర ఇచ్చి తలవంచుకుని వెళ్లాల్సిన మాట ఒకటి ఉంటుందని ఆరోజు తెలిసింది.

మిగతావాళ్లు చేతులు కడుక్కుని క్యారియర్లు తీసుకుంటున్నారు. లక్ష్మీదేవి ముందు బల్ల మీద సగం రుద్దిన పళ్లెం ఒకటి ఉంది. ఆ పళ్లెం ఏ ఓడకూ పోదని ఆమెకు ఇప్పుడే చెప్పాను. ఆమె దాన్ని మళ్లీ చేతిలోకి తీసుకుంది. సాన పట్టే పిండి చల్లి గుండ్రంగా రుద్దుతూ కూర్చుంది. బస్సు వేళ దాటిపోతోందని ఎవరో కేకేశారు. ఆమె వినలేదు. కిటికీ వెలుతురుకు పట్టి చూసింది, నచ్చలేదు, మళ్లీ రుద్దింది. మళ్లీ పట్టి చూసింది. సందు లేదు. గుడ్డతో తుడిచి, నూనె రాసి, మంచి పళ్లేలు పెట్టే తట్టలో పెట్టి, అప్పుడు లేచింది.